పాత బండి, కొత్త కథ: రెట్రో మోటారుసైకిళ్ళ జీవనశైలి మార్కెటింగ్ – చోదకుల దృక్పథాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

గత రెండు దశాబ్దాల్లో మోటారుసైకిల్ విపణిలో పాతరూపపు బళ్ళు ఒక ప్రత్యేక శ్రేణిగా స్థిరపడ్డాయి. తయారీ సంస్థలు వీటిని వాహనాలుగా కంటే జీవనశైలిగా అమ్ముతున్నాయి. ఈ మార్కెటింగ్ వాడే భాషను, దానిపట్ల బండి నడిపేవారిలో వ్యక్తమయ్యే వైఖరులను విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ప్రధాన ఉదాహరణ. జావా, ట్రయంఫ్, డుకాటీ తులనకు స్వీకరించబడ్డాయి. చోదకులు ప్రకటనలకు లొంగిపోయే అమాయకులు కారనీ, అయితే ప్రకటనకు ఎదురునిలిచే ‘అసలు బండి’ వాదం కూడా ప్రకటన మరచినవారినే మరచిపోతున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆ మరుగునపడినవారు బండిని పనిముట్టుగా వాడుకున్న సామాన్యులు.

కీలకపదాలు: రెట్రో, జీవనశైలి మార్కెటింగ్, బుల్లెట్, స్మృతి, ప్రామాణికత, వినియోగ సంస్కృతి, చోదకులు.

1. ప్రవేశిక:

పోతయినుప ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్టును స్టార్టు చేయడం ఒక విద్య. కిక్ రాడ్‌ను మెల్లగా తొక్కుతూ, ఆమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగి, ఎడమచేతి కింది డీకంప్రెషన్ మీటను నొక్కి పిస్టన్‌ను కాస్త దాటించి, ఆపైన ఒక్క తొక్కు తొక్కాలి. వరుస తప్పితే కిక్ రాడ్ వెనక్కి తన్నేది. పిక్కకు తగిలిన ఆ దెబ్బను మరచిపోయినవారు తక్కువ. నేడు అదే ఆకారంలో ఉన్న బండి మీట నొక్కగానే కదులుతుంది. ఆకారం మిగిలింది, విద్య పోయింది. ఈ రెండింటి నడుమ ఏర్పడిన ఖాళీలోనే జీవనశైలి మార్కెటింగ్ తన కథను అల్లుతున్నది.

ఇది ప్రశ్నావళితో జరిపిన సర్వే కాదు. బైకర్ల సంభాషణల్లో, మెకానిక్ షెడ్ల దగ్గర, వాహన సమీక్షల్లో పదేపదే వినబడే వాదాలను ఒక సామూహిక పఠ్యంగా స్వీకరించి, వాటి పక్కన సంస్థలు చెప్పుకునే కథను పెట్టి చదివే ప్రయత్నం మాత్రమే. ప్రకటనను, దాని ఎదుట నిలిచిన పాఠకుణ్ణి కలిపి చదవడం సాహిత్య విమర్శకు కొత్త కాదు. 1957లో వెలువడిన ‘మిథాలజీస్’ గ్రంథంలో రోలాండ్ బార్త్ సిట్రొయెన్ డి.ఎస్. అనే కారును ఈ విధంగానే చదివాడు. చరిత్రలో పుట్టిన వస్తువును చరిత్రకు అతీతమైనదిగా, సహజమైనదిగా చూపడమే పురాణీకరణ అన్న ఆయన ఆలోచన ఈ పరిశీలనకు ఒక ఆధారం.

2. ‘రెట్రో’ – రూపం, చరిత్ర:

రెట్రో బండి అంటే పాతబండి కాదు. పాతదానిలా కనబడేలా కొత్తగా తయారైన బండి. ఈ తేడా చిన్నదిగా తోచినా వివాదమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లాండులో మెరిడెన్‌లోని ట్రయంఫ్ కర్మాగారం 1983లో మూతపడింది. తరువాత కొత్త యాజమాన్యంలో హింక్లీలో పునర్జన్మ పొందిన సంస్థ 2001లో బోనెవిల్ పేరును తిరిగి తెచ్చింది. కాలుష్య నిబంధనలు కఠినమై ఆ బండికి ఫ్యూయల్ ఇంజెక్షన్ అమర్చవలసి వచ్చినప్పుడు, ఇంజెక్షన్ భాగాలను కార్బురేటర్లలా కనబడేలా తీర్చిదిద్దారు. లోపల ఒక యంత్రం, బయట మరొక యంత్రపు వేషం. రెట్రో స్వభావాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ కథ దీనికి భిన్నం. 1955లో రెడిచ్‌లోని ఆంగ్ల సంస్థ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఇక్కడ బుల్లెట్ ఉత్పత్తికి పూనుకుంది. 1970 దశకం ఆరంభానికి ఆంగ్ల సంస్థ కనుమరుగైనా తిరువొత్తియూరు కర్మాగారంలో ఉత్పత్తి ఆగలేదు. అంటే భారతదేశంలో బుల్లెట్టు రెట్రో కాదు. అది కేవలం పాతది. మారడానికి తీరికా పెట్టుబడీ లేక అలాగే ఉండిపోయిన బండి. 1994లో సంస్థ ఐషర్‌లో విలీనమైంది. 2009లో వెలువడిన ‘క్లాసిక్’ ఈ ‘ఉండిపోవడాన్ని’ ఒక ‘ఎంపిక’గా మార్చింది. యుద్ధానంతర బ్రిటిష్ నమూనాలను తలపించే ఒంటిసీటు, గుండ్రని దీపం, కన్నీటిచుక్క ఆకారపు ట్యాంకు దానికి సమకూరాయి. విశేషమేమంటే, ఇప్పటికే పాతదైన బండిని ఇంకొంచెం వెనక్కి జరిపి కొత్తది చేశారు. లేమి సంప్రదాయంగా పేరు మార్చుకున్నది.

మైసూరులోని ఐడియల్ జావా 1996లో మూతపడింది. 2018లో ఆ పేరు మహీంద్రా పెట్టుబడితో తిరిగివచ్చింది. పాత జావా రెండు స్ట్రోకుల బండి. కిక్ రాడ్, గేరు మీట రెండూ ఒకే కడ్డీ. కొత్త జావా నీటితో చల్లబడే నాలుగు స్ట్రోకుల ఇంజిన్ గలది. అయినా గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఉండే రెక్కలవంటి అంచులు దానికీ ఉన్నాయి. ఒక సిలిండరుకు రెండు సైలెన్సర్లనే ఆనవాలునూ నిలుపుకున్నారు. పోయినవి నీలిపొగ, ఆ గణగణ ధ్వని. పాత జావా చోదకులకు బండి అంటే ప్రధానంగా ఆ రెండే.

3. ప్రకటన – సాన్నిధ్యాలు, గైర్హాజరీలు:

‘తుపాకీలా తయారైనది’ అన్నది ఎన్‌ఫీల్డ్‌కు శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్న నినాదం. ఒకనాడు ఆ వాక్యం యంత్రపు గట్టితనాన్ని సూచించింది. నేటి మార్కెటింగ్ బరువంతా మరోచోట ఉంది. హిమాలయ యాత్రలు, గోవాలో జరిగే బైకర్ల సమ్మేళనాలు, తోలుకోట్లు, బూట్లు, టీషర్టులు – ఇవన్నీ కలిసి ‘నీవు ఎలాంటి మనిషివి’ అన్న ప్రశ్నకు జవాబుగా బండిని నిలబెడతాయి. చెన్నైలో చేతితో రూపొందినదన్న ప్రచారంలో, ట్యాంకుపై కుంచెతో బంగారు గీత దిద్దే కళాకారుని చేయి కనబడుతుంది. అది అబద్ధం కాదు. ఆ గీతలను నిజంగానే చేతితో దిద్దేవారు. కాని ఒక గీతను దిద్దిన చేయిని చూపడం ద్వారా, మిగిలిన బండి యావత్తూ ఆధునిక కర్మాగారపు వరుసలో తయారవుతుందన్న విషయం నేపథ్యంలోకి జరిగిపోతుంది. అంశాన్ని చూపి అంశిని స్ఫురింపజేసే ఈ పద్ధతి ఆలంకారికులకు సుపరిచితమే. ఇక్కడ లక్షణ వ్యాపారానికి పనిచేస్తున్నది.

ఈ విధానం ఒక్క సంస్థది కాదు. హార్లీ డేవిడ్‌సన్ చోదకులపై షౌటెన్, మెకలెగ్జాండర్ 1995లో ప్రచురించిన అధ్యయనం, వస్తువు చుట్టూ ఏర్పడే ఉపసంస్కృతిని, దానిలో సభ్యుల నిబద్ధతను బట్టి ఏర్పడే అంతస్తులను విశ్లేషించి, ఆ సంస్కృతికీ విక్రయానికీ ఉన్న పరస్పరాశ్రయాన్ని చూపింది. 2015లో డుకాటీ తన 1960ల నాటి స్క్రాంబ్లర్ పేరును తిరిగి తెచ్చినప్పుడు ‘ఆనందాల సీమ’ అనే కల్పనాలోకాన్నే దానితోపాటు అమ్మకానికి పెట్టింది. ఒకనాడు స్క్రాంబ్లరైనా, కేఫ్ రేసరైనా చోదకుడు తన మామూలు బండిని తానే విప్పి, అనవసర భాగాలు తీసివేసి, తన అవసరానికి మలచుకున్న రూపం. ఇప్పుడు ఆ తిరుగుబాటు కర్మాగారం నుండే సిద్ధంగా, వారంటీతో సహా వస్తున్నది.

ప్రకటనలో ఎవరున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు లేరన్నదీ అంతే ముఖ్యం. 1980ల నుండి 2000 ప్రాంతం వరకు ఎన్‌ఫీల్డ్‌లో ఒక డీజిల్ బండి ఉండేది. 325 సి.సి. ఇంజిన్, 6.5 అశ్వసామర్థ్యం, వేగం తక్కువ, మోత ఎక్కువ, ఖర్చు బహుస్వల్పం. రైతులు, పాల వ్యాపారులు, రోజూ దూరాలు తిరిగే చిల్లర వర్తకులు దాన్ని కోరుకున్నారు. రెండు వైపులా పాలక్యాన్లు వేలాడేసుకుని తెల్లవారుజామున ‘డగ్ డగ్’ మంటూ పోయే ఆ బండి కూడా ఎన్‌ఫీల్డ్ వారసత్వమే. కాని వారసత్వాన్ని కొనియాడే శ్రేణిలో ‘డీజిల్ క్లాసిక్’ లేదు. యూరప్ యుద్ధక్షేత్రపు స్మృతికి దొరికిన రంగులు పాలక్యాను స్మృతికి దొరకలేదు. సంస్థ గతాన్ని తలచుకోవడం లేదు. గతం నుండి ఏరుకుంటున్నది.

4. పెగాసస్ ఉదంతం – కథ బెడిసికొట్టిన వేళ:

ఈ ఏరుకోవడానికి పరాకాష్ఠ 2018లో వచ్చిన క్లాసిక్ 500 పెగాసస్. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఛత్రీదళాలు వాడిన ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అనే చిన్న బండి స్మృతిగా ప్రపంచవ్యాప్తంగా 1000 బళ్ళు మాత్రమే తయారుచేశారు. ఒక్కొక్క ట్యాంకుపై ఒక్కొక్క వరుససంఖ్య వేశారు. భారతదేశానికి కేటాయించిన 250 బళ్ళు ఆన్‌లైన్‌లో 178 సెకన్లలో అమ్ముడయ్యాయి.

ఇక్కడ ఆగి మూలాన్ని చూడాలి. ఫ్లయింగ్ ఫ్లీ 125 సి.సి. తరగతికి చెందిన రెండు స్ట్రోకుల బండి. బరువు 60 కిలోల లోపు. విమానం నుండి గొట్టపు చట్రంలో అమర్చి జారవిడవడానికి ఆ తేలికదనమే కారణం. పైగా దాని రూపకల్పనకు మూలం జర్మన్ సంస్థ డి.కె.డబ్ల్యు. బండి. దాని స్మృతిగా అమ్మినది 190 కిలోలకు పైబడిన, 499 సి.సి. నాలుగు స్ట్రోకుల బండి. రెండింటికీ సామాన్యమైనది రంగు, చిహ్నం, సంచీ మాత్రమే. స్మరించబడిన వస్తువులోని ప్రధాన గుణం తేలికదనం కాగా, స్మృతిచిహ్నంలో లేనిదీ అదే.

అయినా కొనుగోలుదారులు ఆగ్రహించినది ఈ వైరుధ్యానికి కాదు. కొద్ది వారాల్లోనే సంస్థ భారత సైన్యపు సిగ్నల్స్ విభాగం పేరిట, చూడడానికి పెగాసస్‌కు దగ్గరగా ఉండే క్లాసిక్ 350 సిగ్నల్స్‌ను తక్కువ ధరకు విడుదల చేసింది. పెగాసస్‌లో లేని ఎ.బి.ఎస్. బ్రేకింగ్ వ్యవస్థ అందులో ఉంది. పెగాసస్ యజమానులు కొందరు మోసపోయామని బహిరంగంగా నిరసించారు. తమ బళ్ళకు చెత్తబుట్టలు తగిలించి తిప్పినవారూ ఉన్నారు.

ఈ నిరసన రెండు విధాలుగా చదవదగినది. మొదటిది, కొన్నవారు చరిత్రను కాదు, అరుదైనతనాన్ని కొన్నారు. అది చెదిరినప్పుడే చరిత్ర కథ వారికి డొల్లగా తోచింది. రెండవది ఇంతకంటే లోతైనది. అవమానాన్ని ప్రకటించడానికి వారు ఎన్నుకున్న మార్గం బండితో చెత్త మోయించడం. బరువు మోయడమంటే బండికి జరిగే పరాభవమన్న భావన అందులో ఉంది. పాలక్యాన్లు మోసిన తరం ఈ ప్రతీకను చూసి ఏమనుకునేదో ఊహించవచ్చు. మార్కెటింగ్‌ను తిరస్కరిస్తున్న క్షణంలో కూడా చోదకుడు మార్కెటింగ్ నేర్పిన విలువలతోనే మాట్లాడుతున్నాడు.

5. చోదకుల వైఖరులు – మూడు ధోరణులు:

బండి నడిపేవారి అభిప్రాయాలను స్థూలంగా మూడు ధోరణులుగా విభజించవచ్చు. ఒకే వ్యక్తిలో వేర్వేరు సందర్భాల్లో మూడూ కనబడడం కద్దు.

మొదటిది ‘అసలు బండి’ వాదం. పోతయినుప ఇంజిన్, కుడికాలి గేర్లు, ఎడమకాలి బ్రేకు, దూరం నుండే పోల్చుకోగల ధ్వని – ఇవి లేనిది బుల్లెట్టే కాదంటుంది. 2020, 2021 సంవత్సరాల్లో వచ్చిన 349 సి.సి. జె-శ్రేణి ఇంజిన్లు కుదుపును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్‌తో నునుపుగా నడవడం ఈ వాదులకు గుణం కాదు, లోపం. కుదుపు పోతే ఆత్మ పోయినట్లే.

రెండవది వినియోగవాదం. ‘కథ నాకెందుకు? బ్రేకు పడుతున్నదా, నూనె కారడం మానిందా, రాత్రి దీపం వెలుగు చాలుతున్నదా?’ అన్నది దీని ప్రశ్న. ఈ ధోరణి వారికి ప్రకటన చిరాకు కలిగిస్తుందే తప్ప కోపం తెప్పించదు. బండి బాగుంటే ప్రకటనను క్షమిస్తారు. తోలుకోటు వేసుకున్న నమూనాపురుషుణ్ణి చూసి నవ్వుకుని, సర్వీసు ఖర్చు ఎంతని అడుగుతారు.

మూడవది ఎరుకతో కూడిన అంగీకారం. ఇది నాటకమని వీరికి తెలుసు. కార్బురేటర్ వేషం వేసిన ఇంజెక్షన్‌ను చూసి మోసమనుకోరు, వేషం బాగా కుదిరిందంటారు. పౌరాణిక నాటకంలో కిరీటం అట్టముక్కని తెలిసీ పద్యానికి వన్స్‌మోర్ కొట్టే ప్రేక్షకునికీ వీరికీ పోలిక ఉంది. ప్రకటన వల్ల చోదకుడు మోసపోతున్నాడన్న సులభ విమర్శ ఈ వర్గం ముందు నిలవదు.

ఈ ధోరణుల సంఘర్షణకు సాహిత్యంలో ఒక చక్కని దృష్టాంతం ఉంది. రాబర్ట్ పిర్సిగ్ 1974లో వెలువరించిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’లో, మిత్రుని ఖరీదైన బి.ఎం.డబ్ల్యు. బండి హ్యాండిల్ వదులవుతుంది. బీరు డబ్బా రేకును కత్తిరించి సందులో పెడితే సరిపోతుందని కథకుడు సూచిస్తాడు. మిత్రునికి అది అపచారంగా తోస్తుంది. కథకుని దృష్టిలో ఆ రేకు పనికి సరిగ్గా సరిపోయే లోహం. మిత్రుని దృష్టిలో అది బీరు డబ్బా. ఒకరు వస్తువు ఏమి చేస్తుందో చూస్తున్నారు, మరొకరు వస్తువు ఏమిటిగా కనబడుతుందో చూస్తున్నారు. జీవనశైలి మార్కెటింగ్ ఈ రెండవ చూపును పెంచి పోషిస్తుంది. మన పల్లె మెకానిక్కుది మొదటి చూపు. సైకిల్ ట్యూబు ముక్కతో, గోనెపట్టా దారంతో బండిని ఇల్లు చేర్చిన విద్య అతనిది.

6. ప్రామాణికతావాదపు పరిమితులు:

ప్రకటనకు ప్రతిగా నిలిచేది ‘అసలు బండి’ వాదమే కనుక విమర్శకుడు దాని పక్షం వహించడం సహజంగా తోస్తుంది. కాని అలా చేయడం పొరపాటు. స్వెత్లానా బోయిమ్ 2001లో ప్రచురించిన ‘ది ఫ్యూచర్ ఆఫ్ నోస్టాల్జియా’లో గతాన్ని యథాతథంగా నిలబెట్టాలనుకునే పునఃస్థాపక స్మృతికీ, గతం తిరిగిరాదని తెలిసి దాన్ని మననం చేసుకునే మననాత్మక స్మృతికీ భేదం చూపింది. ‘అసలు బండి’ వాదం మొదటి కోవకు చెందుతుంది. దానికి మూడు పరిమితులున్నాయి.

మొదటిది, అది కష్టాన్ని అర్హతగా మారుస్తుంది. కిక్ కొట్టి కాలు వాచినవాడే చోదకుడైతే, ఎలక్ట్రిక్ స్టార్టు వల్ల బండి దగ్గరకు రాగలిగిన స్త్రీలు, వయోవృద్ధులు, పొట్టివారు బయటివారవుతారు. మీట నొక్కితే కదిలే బండిని వెటకారం చేసే మాటల్లో పురుషాహంకారం తరచుగా వినబడుతుంది. రెండవది, అది ప్రాణభద్రతను చిన్నబుచ్చుతుంది. పాత డ్రమ్ బ్రేకుల మీద మమకారం ఎంతైనా ఉండవచ్చు. వాన కురిసిన రహదారిపై ఎదురుగా లారీ ఆగినప్పుడు పనికివచ్చేది డిస్కు బ్రేకు, ఎ.బి.ఎస్. మూడవది, అది ధ్వనిని సొంత ఆస్తిగా భావిస్తుంది. పోయిన ‘డుగు డుగు’ను తిరిగి రప్పించాలని సైలెన్సర్లు మార్చి వీధుల్లో మోత పుట్టించేవారి స్మృతికి మూల్యం చెల్లిస్తున్నది నిద్ర చెడిన చంటిపిల్లలు, రోగులు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పులను నిషేధిస్తున్నది. స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్లతో తొక్కించే దృశ్యాలు మన నగరాల్లో పరిచితమే.

అంతేకాక, ఈ వాదం మార్కెటింగ్‌కు శత్రువుగా కనబడుతూనే దానికి ముడిసరకును సమకూరుస్తుంది. ‘అసలు’ అన్న మాటకు విలువ కట్టినది ముందుగా చోదకులే. సంస్థ ఆ విలువకు ధర కట్టింది.

7. తెలుగు నేలపై బుల్లెట్టు:

తెలుగు ప్రాంతాల్లో బుల్లెట్టుకు సంస్థ చెప్పని అర్థాలు ఎన్నో ఉన్నాయి. పోలీసు అధికారి హోదా, మోతుబరి దర్పం, సినిమా కథానాయకుని ప్రవేశం – ఇవన్నీ ఆ ధ్వనితో ముడిపడినవే. ఊరి చివర నుండి వినబడే చప్పుడును బట్టి వస్తున్నది ఎవరో చెప్పగలగడం గ్రామీణ జీవితంలో ఒక సాధారణ జ్ఞానం. ఆ చప్పుడులో గౌరవంతోపాటు భయమూ ఉండేదన్నది మరువరాదు. వారసత్వ ప్రకటనల్లో ఆ భయానికి చోటు లేదు.

2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట దీనికి మరో పార్శ్వం. ఒక నవవధువు ఆ పాటకు చేసిన నృత్యం తెలుగునాట ఇంటింటా మారుమోగి, ఆపైన పెళ్ళి ఊరేగింపుల్లో అదొక ఆనవాయితీ అయింది. ఆ పాటలో బండి లడఖ్ కనుమలకు పోయేది కాదు. పుట్టింటికీ అత్తింటికీ నడుమ తిరిగేది. ఏకాకి పురుషుని స్వేచ్ఛకు కాక, ఇద్దరి ప్రయాణానికి గుర్తుగా అది నిలిచింది. జానపద బాణీ బ్రాండు పేరును తన సొత్తుగా మార్చుకుని, దానికి తన అర్థాన్ని ఇచ్చుకుంది. ఇది విక్రయానికి ఉచిత ప్రచారమైందన్నది కూడా నిజమే. కాని అర్థాన్ని నిర్ణయించే అధికారం ఎల్లప్పుడూ సంస్థదే కాదన్న సంగతిని ఈ పాట నిరూపిస్తున్నది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. రెట్రో మోటారుసైకిల్ గతాన్ని కాపాడదు; గతంలో అమ్ముడుపోగల భాగాన్ని ఎంచుకుంటుంది. చోదకులు ఈ ఎంపికను గుర్తించనివారు కారు. వారిలో తిరస్కారం, ఉదాసీనత, ఎరుకతో కూడిన అంగీకారం అనే మూడు ధోరణులు ఉన్నాయి. వీటిలో తిరస్కారమే అత్యంత తీవ్రంగా వినబడినా, అది ప్రకటన విలువలకు లోబడే ఉన్నదని పెగాసస్ ఉదంతం సూచిస్తున్నది. కొత్త బండి యంత్రంగా మెరుగైనదన్న సత్యాన్ని అంగీకరిస్తూనే, దాని కథను ప్రశ్నించడం సాధ్యమే. రెండింటినీ కలగలపడం వల్లనే చర్చ తరచుగా దారితప్పుతున్నది.

అసలు పోగొట్టుకున్నది కుదుపు కాదు, ధ్వని కాదు. యంత్రాన్ని విప్పి తెలుసుకునే చేతివిద్య, దానితో బ్రతికిన మనుషుల చరిత్ర. డీజిల్ బుల్లెట్టుపై పాలు పోసినవారి, కర్మాగారపు వరుసలో నిలబడినవారి, షెడ్డులో పిస్టన్ రింగులు మార్చినవారి జ్ఞాపకాలు ఏ సంస్థ వారసత్వ సంచికలోనూ చేరలేదు. వాటిని సేకరించడం మౌఖిక చరిత్ర, జానపద విజ్ఞాన పరిశోధకుల బాధ్యత. ఆ తరం మెకానిక్కులు నేడు వార్ధక్యంలో ఉన్నారు. బండ్లకు కొత్త విడిభాగాలు దొరుకుతాయి. ఆ జ్ఞాపకాలకు దొరకవు.